మోగని పియానో

లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి లోపలి మనిషి నిలబడే చచ్చిపోయి ఉన్నాడు.

మూలకి ఆనుకుని, చేతిలో గొడుగుతో, తన అంతస్తు కోసం ఎదురుచూస్తున్నవాడిలా ఉన్నాడు. "పైకా, కిందకా?" అని అడిగిన టైపిస్టుకి జవాబు రాలేదు. ముందు గొడుగు జారి కిందపడింది. దాని వెనకే అతనూ పడ్డాడు. మెడ వెనక దోమ కుట్టినంత ఎర్రటి చుక్క తప్ప ఒంటి మీద ఇంకే గాయమూ లేదు.

పోయినవాడు నౌకాదళం సౌండ్ లాబొరేటరీలో టెక్నీషియన్. జేబులో ఆ సాయంత్రం జరగబోయే ఒక కచేరీ టిక్కెట్టు దొరికింది.

మధ్యాహ్నానికల్లా ఏజెంట్ తూనీగ ఒక డ్రైక్లీనింగ్ షాపు కౌంటర్ ముందు నిలబడి ఉన్నాడు. డిపార్ట్‌మెంటులో అతనికి ఆ పేరు ఊరికే రాలేదు. ఒకచోట కుదురుగా ఉండడం అతని జాతకంలోనే లేదు. కూర్చుంటే మోకాలు ఆడుతుంది, నిలబడితే వేళ్లు తాళం వేస్తాయి.

"కోటు మీద మరక పోలేదండీ," అన్నాడు.

"ఏ మరక?" అన్నాడు కౌంటర్ మనిషి తలెత్తకుండా.

"కనపడనిది."

వేలాడే కోట్ల వరస పక్కకి జరిగింది. వెనక గదిలో ఇస్త్రీ ఆవిరి మధ్య చీఫ్ కూర్చుని ఉన్నాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు.

"కూర్చో."

"పర్లేదు సార్."

"కూర్చోవని తెలుసు. మర్యాదకి అన్నాను." పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "సబ్‌మెరైన్ నీళ్లలో కనపడదు, వినపడుతుంది. ఇంజన్లు, పంపులు, బేరింగులు అన్నీ కలిసి దానికో గొంతు. ఏ రెండిటి గొంతూ ఒక్కలా ఉండదు. మన కొత్త సబ్‌మెరైన్ గొంతు రికార్డు చేసిన టేపు పోయింది. అది అవతలివాళ్లకి అందిందా, మనది ఏ సముద్రంలో దాక్కున్నా పేరుపెట్టి పిలుస్తారు."

"పిలిచాక?"

"టార్పెడో పంపిస్తారు."

తూనీగ వేళ్లు ఆగిపోయాయి.

"లిఫ్టులో పోయినవాడే టేపు అమ్మాడు. కొన్నవాడు వాడి నోరు మూసేశాడు. ఇప్పుడు దేశం దాటే ప్రతి టేపునీ కస్టమ్స్ వాళ్లు మోగించి మరీ చూస్తున్నారు. ఒక్కటి తప్ప."

"కచేరీది."

"అదే. మాస్టారి బిగ్ బ్యాండ్ ప్రేక్షకుల ముందు ఆల్బమ్ రికార్డు చేస్తోంది. కంపెనీ మిత్రదేశానిది. ఒప్పందం ప్రకారం కొత్త టేపు చుట్ట కస్టమ్స్ అధికారి కళ్ల ముందే విప్పుతారు, అయ్యాక ఆయన కళ్ల ముందే సీలు వేస్తారు. సీలు పడ్డాక దాని మీద చెయ్యి వేసే హక్కు మనకి లేదు. దేశం దాటాక దాన్ని అందుకోడానికి అవతలివాళ్ల మనిషి అక్కడ కాచుకుని ఉంటాడు."

"అంటే చుట్టని మార్చడం కుదరదు. దొంగ శబ్దం అందులోకి ఎక్కించాలంటే రికార్డింగ్ జరుగుతుండగానే, అందరి ఎదుటే ఎక్కించాలి."

"నీకు జీతం ఇస్తున్నది అందుకే," అన్నాడు పెద్దాయన. "కచేరీ ఆపించలేం. ఆపితే మన ఇంట్లో దొంగలు పడ్డారని మనమే టముకు వేసుకున్నట్టు. ముందు వరసంతా రాయబారులే. చడీచప్పుడు కాకూడదు. నాలుగో ట్రాంబోన్ వాయించేవాడికి ఈ పొద్దున లాటరీలో విహారయాత్ర తగిలింది. తగిలించాం. ఆ కుర్చీ నీది."

ఈ ఉద్యోగంలో చేరకముందు తూనీగ ఆ బ్యాండులోనే ఉండేవాడు. ఇన్సూరెన్సు కంపెనీలో పని దొరికిందని ఓ ముక్క చెప్పి వచ్చేశాడు. "మాస్టారు నన్ను చూస్తే చెప్పు తీసుకుంటారు సార్."

"సాయంత్రం రికార్డింగ్ పెట్టుకుని, ట్రాంబోన్ మనిషి లేక ఆయన జుట్టు పీక్కుంటున్నాడు. చెప్పు వెతుక్కునే తీరిక లేదు. లోపల మనకొకరున్నారు. గాయని వెల్వెట్."

"ఆవిడ వాళ్ల మనిషి కదా?"

"వాళ్లూ అలాగే అనుకుంటున్నారు. నిజంగా ఎవరి మనిషో ఈ సాయంత్రం తేలుతుంది." పెద్దాయన లేచాడు. తలుపు దాకా వచ్చి, భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంకో మాట. ఆ సబ్‌మెరైన్ ఇవాళే బయల్దేరింది. మీ బావ అందులోనే ఉన్నాడు."

తూనీగ వీధి చివర టెలిఫోన్ బూత్‌లోంచి అక్కకి ఫోన్ చేశాడు. చెప్పడానికి ఏమీ లేదు. అయినా చేశాడు.

"ఒరేయ్, బతికే ఉన్నావా?" అంది అక్క. "మీ బావ పొద్దున్నే పెట్టె పట్టుకుని వెళ్లిపోయారు. ఎక్కడికో చెప్పరు, ఎప్పుడొస్తారో చెప్పరు. నువ్వూ అంతే. ఇన్సూరెన్సు వాడివి, నీకేం రహస్యాలురా?"

"నాకేం ఉంటాయే! పాలసీలు అమ్ముకునేవాణ్ని."

"అయితే మీ బావకి ఓ మంచి పాలసీ చూడు. నాకెందుకో మనసు మనసులో లేదు."

"చూస్తానక్కా. ఆ పని మీదే ఉన్నాను," అన్నాడు తూనీగ. ఫోన్ పెట్టేశాక కూడా అతని చెయ్యి కాసేపు రిసీవర్ మీదే ఉండిపోయింది.

హాలు వెనక గుమ్మం దగ్గర రికార్డింగ్ వ్యాన్ ఆగి ఉంది. దాని పొట్టలోంచి బయల్దేరిన కేబుళ్లు మెట్లెక్కి, తెరల కింద నుంచి పాక్కుంటూ స్టేజీ మీద ఒక్కో మైకు దగ్గరికి చేరుతున్నాయి. ముందు సాక్సోఫోన్లు, వాటి వెనక ట్రాంబోన్లు, పైమెట్టు మీద ట్రంపెట్లు. ఎడమ పక్క పియానో. మిగతా వాయిద్యాల హోరు అందులోకి దూరకుండా మైకుని పియానో కడుపులోనే పెట్టి, మూత వేసి, పైన మందపాటి దుప్పట్లు కప్పారు. ఒక్కో వాయిద్యానికి టేపు మీద ఒక్కో గీత, విడి ట్రాకు. ఏ గీత గొంతు పెంచాలో, ఏది నొక్కాలో తరవాత కంపెనీవాళ్లు చూసుకుంటారు.

మాస్టారు అతన్ని ఎగాదిగా చూశారు. జుట్టు పూర్తిగా నెరిసింది, చూపు మాత్రం అదే చూపు.

"ఇన్సూరెన్సు ఎలా ఉంది?"

"నడుస్తోంది మాస్టారూ."

"నా జీవితంలో ఇదే మొదటి ఆల్బమ్. బహుశా ఇదే ఆఖరు. వేలెడు తప్పు వాయించావంటే నీ ట్రాంబోన్‌తోనే నీ వీపు వాయిస్తాను. మోకాలు ఆడించకు."

ఆయన అటు తిరగ్గానే తూనీగ మోకాలు ఇటు ఆడింది.

రిహార్సల్ మధ్యలో నీళ్ల కూజా దగ్గర వెల్వెట్ ఒంటరిగా దొరికింది. నల్లటి పొడవాటి గౌను, మోచేతుల దాకా గ్లవ్స్. నవ్వితే ఎదుటివాడు తను వచ్చిన పని మరిచిపోయే మనిషి.

"మీ గొంతు కాస్త జలుబు చేసినట్టుందే," అన్నాడు తూనీగ.

"జలుబు కాదు, జాగారం," అంది ఆమె. కోడ్ సరిపోయింది. ఆమె గ్లాసు నింపుకుంటూ పెదాలు కదపకుండా మాట్లాడింది. "ఆఖరి పాటలో. అది పాడేది నేనే. అంతవరకే తెలుసు."

"ఎవరు?"

"మొహం చూడలేదు. ఫోన్లో గొంతు మాత్రం విన్నాను."

"ఇంకేం చెప్పాడు?"

ఆమె గ్లాసు నోటిదాకా వచ్చి ఆగింది. "ఇంకేం చెప్పలేదు," అని వెళ్లిపోయింది. ఆ ఆగడంలో ఏదో ఉందని తూనీగకి తట్టింది. వెనకాలే వెళ్లబోయాడు. స్టేజీ మేనేజరు చప్పట్లు కొట్టి అందర్నీ కుర్చీల్లోకి తరిమాడు.

సాయంత్రం హాలు కిటకిటలాడింది. ముందు వరసలో పతకాలు, వజ్రాలు. స్టేజీ పైన ఎర్రదీపం వెలిగితే టేపు తిరుగుతున్నట్టు. అది వెలిగినంతసేపూ తుమ్మకూడదు, దగ్గకూడదు, కుర్చీ కిర్రుమనకూడదు.

తూనీగకి అంతకన్నా పెద్ద శిక్ష లేదు. చేతులకి సంకెళ్లు వేసినా విప్పుకునేవాడు, గోడ దూకమంటే దూకేవాడు. కానీ ఈ కుర్చీలోంచి ఎలా లేస్తాడు? శత్రువు ఈ హాల్లోనే ఎక్కడో ఉన్నాడు. తనేమో దీపాల వెలుగులో, వందల కళ్ల ముందు, నాలుగో ట్రాంబోన్‌గా దిగ్బంధంలో ఉన్నాడు. పాటకీ పాటకీ మధ్య కళ్లు మాత్రం పరిగెత్తించాడు. మైకులు చూశాడు, కేబుళ్లు చూశాడు, తెరల సందులు చూశాడు. పియానో ట్యూనర్ ఒకడు తోలు సంచీతో తెర పక్కన నిలబడి ఉన్నాడు. గుండ్రటి మొహం, తాతయ్య నవ్వు. అప్పుడప్పుడూ వచ్చి ఓ తీగ సరిచేసి పోతున్నాడు. అనుమానించడానికి ఏమీ కనపడలేదు.

మధ్యలో ఒక పాటలో ట్రాంబోన్లన్నీ ఒక్కసారి లేచాయి. ఆ కాస్సేపు తూనీగ అన్నీ మరిచిపోయాడు. ఊపిరితిత్తుల్లోని గాలంతా ఇత్తడిలోంచి బంగారమై పోతుంటే, తను ఈ కుర్చీని ఎందుకు వదిలాడా అని గుండె కలుక్కుమంది. మాస్టారు అతనివైపు చూసి పిసరంత తల ఊపారు. ఆ తల ఊపు కోసం పూర్వం నెలల తరబడి సాధన చేసేవాడు.

ఆఖరి పాట వచ్చింది. నెమ్మది పాట. వెల్వెట్ మైకు ముందుకొచ్చింది. పియానిస్టు మాత్రం మొహం ముడుచుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఏమైంది?" అన్నాడు వెనక వరస నుంచి తూనీగ.

"ఈ పాటకి నా వాయింపు కోసేశారు. ఆ మహాతల్లి అడిగిందట, మాస్టారు సరేనన్నారట. ఇన్నేళ్లు వాయించి చివరికి దిష్టిబొమ్మలా కూర్చోవాలి."

ఎర్రదీపం వెలిగింది.

వెల్వెట్ గొంతు ఎత్తింది. తూనీగ లోపల గడియారం పరిగెడుతోంది. దొంగ శబ్దం ఎక్కడో ఈ క్షణమే టేపులోకి దిగుతోంది. ఎక్కడ? ఆలోచించడానికి వ్యవధి లేదు. ఆపాలి, అంతే. ట్రాంబోన్ ఎత్తాడు. ఆల్బమ్ కోసం ప్రాణం పెట్టిన మనిషి కళ్లలోకి చూస్తూ, కావాలని అపస్వరం ఊదాడు. దూడ అరిచినట్టు వినపడింది.

హాలంతా గొల్లుమంది. మాస్టారు చెయ్యెత్తి పాట ఆపారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "టేపు వెనక్కి తిప్పండి. దాని మీదే మళ్లీ తీద్దాం," అన్నారు వ్యాన్‌లోకి వినపడేలా.

ఆ సందులో ట్యూనర్ గబగబా వచ్చి, దుప్పటి కొంచెం ఎత్తి, పియానోలో చెయ్యి పెట్టి ఏదో సరిచేసి వెళ్లాడు.

తూనీగ వెన్ను నిటారుగా అయింది. మోగని పియానోకి శ్రుతి ఎందుకు?

చిక్కంతా ఒక్కసారి విడిపోయింది. పియానో కడుపులో మైకు, దాని పక్కన చిన్న టేపు ప్లేయరు. పైన దుప్పట్లు, కాబట్టి బయటికి చప్పుడు రాదు. పియానిస్టు వాయించడు, కాబట్టి వ్యాన్‌లో ఇంజినీరు ఆ గొంతు తగ్గించేసి ఉంటాడు, వినడు. కానీ టేపు మీద పియానో గీత తిరుగుతూనే ఉంటుంది. పాట పొడుగునా దాని మీద సబ్‌మెరైన్ గొంతు స్వచ్ఛంగా ఎక్కుతుంది. వెల్వెట్ నీళ్ల కూజా దగ్గర మింగేసిన మాట ఇదే.

అదే అయితే పాట ఆగిన ప్రతిసారీ ట్యూనర్ వచ్చి ప్లేయరుని మళ్లీ మొదటికి తిప్పాలి. ఖాయం చేసుకోవాలి. రెండోసారి దీపం వెలిగింది. రెండోసారి దూడ అరిచింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ట్యూనర్ మళ్లీ వచ్చాడు, మళ్లీ దుప్పటి కింద చెయ్యి పెట్టాడు. వెనక్కి తిరుగుతూ తూనీగనే చూశాడు. తాతయ్య నవ్వు లేదు. కోటు అంచున నల్లటి తల ఉన్న పిన్ను మెరిసింది.

"లే," అన్నారు మాస్టారు.

"మాస్టారూ..."

"లే! నీ తిక్క కోసం నా ముసలి ప్రాణం తాకట్టు పెట్టలేను. పో, పాలసీలు అమ్ముకో."

ట్రాంబోన్ పట్టుకుని లేచాడు. ఒంటి మీద బట్టలు లేనట్టు అనిపించింది. చావుని చూసినప్పుడు కూడా అతని చెవులు ఇలా కాలలేదు. మెట్టు దిగి పియానో పక్కనుంచి నడిచాడు. దుప్పటి లాగితే రాయబారుల ముందు గుట్టు రట్టవుతుంది, లాగకపోతే బావ... పియానిస్టు దగ్గర బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగాడు.

"మీరేం బాధపడకండి," అన్నాడు మెల్లగా. "ఈ పాటకి మీ వేళ్లు సరిపోవని ఆవిడ అంటే మాస్టారు మీ తరఫునే మాట్లాడారట. పాపం, వయసైపోయింది, వదిలెయ్యమ్మా అన్నారట."

"ఎవరికి వయసైపోయింది?" పియానిస్టు మెడ నరాలు ఉబ్బాయి.

దీపం వెలిగింది. తూనీగ తెర వెనక్కి తప్పుకున్నాడు.

వెల్వెట్ మొదటి మాట ఎత్తుకుంది. ట్రంపెట్లు మెత్తగా అందుకున్నాయి. అంతలో, ఎవరూ పిలవకుండా, దుప్పట్ల కింద నుంచి పియానో నోరు విప్పింది. మొదట ఒక్క వేలు, తరవాత పది వేళ్లూ. ఇన్నేళ్ల అనుభవం, ఈ సాయంత్రపు అవమానం కలిసి వరదలా వచ్చాయి. మైకు పక్కనే ఆ వరద. అందులో సబ్‌మెరైన్ గొంతు ఉప్పురాయిలా కరిగిపోయింది.

మాస్టారి చెయ్యి గాలిలో ఆగింది. మూడోసారి ఆపితే పరువు పోతుంది. పైగా... పైగా బాగుంది. చెయ్యి మళ్లీ కదిలింది.

తెర సందులో ట్యూనర్ తెల్లబోయాడు. వెల్వెట్ వైపు చూసి, గొంతు మీద రెండు వేళ్లు ఆనించి సైగ చేశాడు. దగ్గు. ఒక్క దగ్గు చాలు, ఈసారీ పాడైపోతుంది. అదే చేత్తో కోటుకున్న పిన్నుని తాకి చూపించాడు.

ఆమె చూసింది. తూనీగ కూడా చూశాడు. ఆమె గొంతులో ఏదో కదిలింది. వెల్వెట్ ఆ తెరకి వీపు తిప్పింది. పియానో మీద మోచెయ్యి ఆనించి, పియానిస్టు కళ్లలోకి చూస్తూ రెండో చరణం ఎత్తుకుంది.

ఇక ట్యూనర్‌కి మిగిలింది ఒక్కటే. గోడ మీద మెయిన్ స్విచ్చు. కరెంటు పోతే అంతా మళ్లీ మొదలు. ఇందాకటిదాకా పాటని చెడగొట్టినవాడు ఇప్పుడు దాన్ని కాపాడాలి, అదీ చప్పుడు కాకుండా!

ట్యూనర్ చెయ్యి స్విచ్చుని అందుకోబోయింది. తూనీగ ట్రాంబోన్ స్లైడు పూర్తిగా ముందుకి విసిరాడు. బారెడు ఇత్తడి గొట్టం వెళ్లి ఆ మణికట్టుని గోడకి నొక్కిపెట్టింది. ట్యూనర్ రెండో చేత్తో పిన్ను లాగాడు. తూనీగ ఆ చేతిని పట్టుకున్నాడు. ఇద్దరూ నోళ్లు బిగించి, బూట్లు నేలకి తగలకుండా మునివేళ్ల మీద పెనుగులాడారు. చూసేవాళ్లుంటే ఆ పాటకి డాన్సు చేస్తున్నారనుకునేవారు. పిన్ను మొన తూనీగ కంటి ముందు వెంట్రుకవాసిలో వణికింది.

ఆఖరి స్వరం మోగింది. అది పూర్తిగా ఆరిపోయేదాకా దీపం ఆరదు. హాలంతా నిశ్శబ్దం. తెర వెనక ఇద్దరు మనుషులు, మధ్యలో ఒక విషపు సూది, శిలల్లా నిలబడ్డారు. ట్యూనర్ అరవడానికి నోరు తెరిచాడు.

అంతలో చప్పట్లు హాలు పైకప్పుని ఎత్తేశాయి. తూనీగ చెయ్యి మెలితిప్పాడు. పిన్ను జారి నేలపాలయింది. ట్యూనర్ గావుకేక పెట్టాడు. ఎర్రదీపం అప్పుడు ఆరింది.

జనం కదిలి బయటికి పోతుంటే డ్రైక్లీనింగ్ షాపు మనుషులు ఇద్దరొచ్చి ట్యూనర్‌ని 'మైకం కమ్మింది పాపం' అంటూ కారెక్కించారు. దుప్పట్లు మడతపెట్టే నెపంతో తూనీగ పియానోలోంచి ప్లేయరుని, అందులోని టేపుని తీసి కోటులో వేసుకున్నాడు. వ్యాన్ దగ్గర కస్టమ్స్ అధికారి శ్రద్ధగా సీలు వేశాడు.

వెల్వెట్ గ్లవ్స్ విప్పుకుంటూ వచ్చింది. "ఆఖరి పాటలో పియానో తీయించమని ఫోన్లో వాడు చెప్పిన సంగతి నీకు చెప్పలేదు. ఎవరు గెలుస్తారో తెలియక. నేను ఎవరి మనిషినని అడగవేం?"

"పాట ఆపలేదుగా. ఇంకెందుకు అడగడం?"

ఆమె గ్లవ్స్ మడిచి పట్టుకుంది. మొదటిసారి నవ్వకుండా అందంగా కనపడింది.

మాస్టారు మాత్రం గుమ్మం దగ్గర అతన్ని నిలేశారు. కళ్లు తడిగా ఉన్నాయి. "విన్నావా ఆఖరి పాట? నా బ్యాండు అలా వాయించడం నేనెప్పుడూ వినలేదు. నిన్ను బయటికి పంపాకే కుదిరింది చూడు!"

"అవును మాస్టారూ," అన్నాడు తూనీగ. ఇంకేం అనగలడు?

ఆల్బమ్ విడుదలయ్యేనాటికి బావ ఇంటికి వచ్చి అక్క చేత తిట్లు తింటున్నాడు. ఇస్త్రీ ఆవిరి గదిలో పెద్దాయన రికార్డు పెట్టి, పత్రికలో సమీక్ష పైకి చదివాడు: "'ఆఖరి పాట ముగియగానే చప్పట్ల మధ్య ఒక అభిమాని ఆనందం పట్టలేక పెట్టిన కేక ఈ ఆల్బమ్‌కే తలమానికం.' ఏమోయ్, ఆ కేక ఎవరిదో వాళ్లకి రాసి పంపమంటావా?"

"వద్దు సార్," అన్నాడు తూనీగ, ఆ పాటికే తలుపు దగ్గరికి చేరుకుని. "జైల్లో వాడికి తెలిస్తే రాయల్టీ అడుగుతాడు."